ఒక ఖాతా పుస్తకం, ఒక కవిత, ఒక కథ: రెండు ప్రక్రియలనూ కలిపి సాధన చేయడం ఎలా

వచన కవితలు రాస్తూ రాస్తూ కథల్లోకి వచ్చినవారి మొదటి కథ చాలా సందర్భాల్లో సాగదీసిన కవితలా ఉంటుంది. కథలు రాస్తూ కవితకు పూనుకున్నవారి మొదటి కవిత, కథను ముక్కలుగా విరిచి ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఇద్దరూ చేసే పొరపాటు ఒకటే: కవి తన దగ్గరున్న అలంకారాలను కథలోకి మోసుకొస్తాడు, కథకుడు తన దగ్గరున్న సంఘటనలను కవితలోకి మోసుకొస్తాడు. నా అనుభవంలో కవిత నుంచి కథ నేర్చుకోవలసినవి పొదుపు, ఎక్కడ ఆగాలో తెలియడం, ఒక మాటను మళ్లీ ఎప్పుడు పలికించాలో తెలియడం. కథ నుంచి కవిత తెచ్చుకోవలసినవి ఒక మనిషి, ఒక వేళ, ఒక చోటు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని సాధనగా ఎలా చేయవచ్చో, కొన్నేళ్లుగా నేను పాటిస్తున్న పద్ధతిని ఆధారం చేసుకుని వివరిస్తాను.

ఈ పద్ధతి నాకు సుఖంగా అబ్బలేదు. నా మొదటి కథను ఒక పత్రిక తిప్పి పంపుతూ, శైలి కవితాత్మకంగా ఉందని, కథ మాత్రం కనిపించలేదని రాసింది. మొదటి సగాన్ని మెచ్చుకోలుగా తీసుకుని, రెండో సగాన్ని సంపాదకుడి అరసికతగా జమకట్టి, అలాంటివే మరో నాలుగు రాశాను. ఆ నాలుగూ ఇప్పటికీ అచ్చు కాలేదు, కాకపోవడమే మంచిదయింది.

ముందుగా ఒక పాత విషయాన్ని గుర్తు చేసుకోవడం ఉపయోగకరం. పదకొండో శతాబ్దిలో నన్నయ భారత అవతారికలో, అంటే పీఠికలో, తన కవిత్వం గురించి చెబుతూ, కవీంద్రులు ప్రసన్నకథాకలితార్థయుక్తిని, అంటే ప్రసన్నమైన కథలో ఇమిడిన అర్థాల పొందికను, లోనారసి మెచ్చుకుంటారని, ఇతరులు అక్షరరమ్యతను ఆదరిస్తారని అన్నాడు. ఈ సమాసానికి ‘కథాకవితార్థయుక్తి’ అనే పాఠాంతరం కూడా ఉంది. పాఠ నిర్ణయం పండితులకు వదిలేసినా, కథనూ కవితనూ ఒకే సమాసంలో బిగించిన ఆ రెండో పాఠాన్ని చూసినప్పుడల్లా నాకు మన పనికి ఇంతకంటే మంచి గుర్తు అక్కర్లేదనిపిస్తుంది. మన పాత కావ్యాలు చాలావరకు చంపువులు. వాటిలో పద్యమూ వచనమూ పక్కపక్కనే నడుస్తాయి. చాలాచోట్ల వచనం ప్రయాణాన్నీ కాలాన్నీ దాటిస్తుంది. మనిషి ఆగిపోయి మాట్లాడవలసిన చోట, చూడవలసిన చోట పద్యం వస్తుంది. ఈ పని విభజనను ఈనాటి కథకుడు నేరుగా వాడుకోవచ్చు.

ఎలాగంటే, కథ చిత్తుప్రతి పూర్తయిన తరువాత పెన్సిలు తీసుకుని ప్రతి పేరా పక్కనా ఒక అక్షరం వేయండి. కాలం కదిలే పేరాకు ‘వ’, కాలం నిలిచిపోయి ఒక వస్తువునో మనిషినో దగ్గరగా చూసే పేరాకు ‘ప’. పేజీల కొద్దీ ‘ప’లే కనిపిస్తే అది తిరిగొచ్చిన నా మొదటి కథ లాంటిది: ప్రతి వాక్యమూ ఆగి అద్దం చూసుకుంటుంది, పాఠకుడు మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. అన్నీ ‘వ’లే అయితే జరిగినది తెలుస్తుంది గాని అనుభవానికి రాదు. ఇన్ని ‘వ’లకు ఇన్ని ‘ప’లు ఉండాలనే లెక్క ఏదీ లేదు. అయితే ‘ప’ ఎక్కడ పడిందో, అక్కడే ఎందుకు పడిందో రచయిత చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ పేరా తనకు నచ్చింది గనుక ఉంచుకున్నాడని అర్థం.

ఇక సాధనలోకి వద్దాం. ఒకే సందర్భాన్ని ముందు కవితగా, తరువాత కథగా, ఆ తరువాత మళ్లీ కవితగా రాయాలి. సందర్భాన్ని ఎంచుకునేటప్పుడు ఉద్వేగంతో మొదలుపెట్టకండి. ‘వియోగం’, ‘ఒంటరితనం’ లాంటివి సందర్భాలు కావు. చేత్తో పట్టుకోగలిగిన ఒక వస్తువు, ఆ వస్తువు మీద ఏదో ఒక హక్కో తగాదానో ఉన్న ఇద్దరు మనుషులు ఉంటే చాలు. నేను తీసుకున్న ఉదాహరణ ఇది: చిన్న ఊళ్లో కిరాణా కొట్టు నడిపిన తండ్రి చనిపోయాడు, పట్నంలో ఉంటున్న పెద్దకొడుకు వచ్చి, అరువు పద్దులు రాసిన ఖాతా పుస్తకం తెరిచాడు.

దీని మీద మొదటి ప్రయత్నంలో నా చేతి నుంచి వచ్చిన కవిత ఇలా ఉంది:

నాన్న లేని దుకాణంలో
చీకటి కొలువు తీరింది
జ్ఞాపకాల అరల మీద
కన్నీటి దుమ్ము పేరుకుంది
కాలం తక్కెడలో
నేను తేలిపోయాను

ఇది చదవడానికి బాగానే ఉన్నట్టుంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. జ్ఞాపకాల అరలు, కన్నీటి దుమ్ము, కాలం తక్కెడ అనే మూడు రూపకాలూ ఒకే అచ్చులో పోసినవి: ఉద్వేగాన్నో కంటికి కనిపించని దాన్నో షష్ఠీ విభక్తిలో పెట్టి, దాని పక్కన కనిపించే వస్తువును అతికించడం. వచన కవితలో ఈ అచ్చు ఎంతగా అరిగిపోయిందంటే, నిద్రలో కూడా రాయవచ్చు. పైగా ఈ ఆరు పంక్తుల్లో ఆ దుకాణంలో ఏం అమ్ముతారో తెలియదు, కొడుకు ఎప్పుడొచ్చాడో తెలియదు, వచ్చి ఏం చేశాడో తెలియదు. ఏ ఊళ్లో ఏ తండ్రి పోయినా ఈ కవిత సరిపోతుంది, కనుక ఈ తండ్రికి సరిపోదు.

ఇక్కడ కథకుడిని పిలవాలి. కథకుడు అడిగే ప్రశ్నలు మోటుగా ఉంటాయి: ఇది జరిగింది ఏ రోజు? షట్టరు తెరిచి ఉందా, మూసి ఉందా? చేతిలో ఏముంది? అందులో అక్షరం అక్షరంగా ఏం రాసి ఉంది? ఈ ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద వచనంలో రాసుకోండి, అందంగా రాయవలసిన పని లేదు. నేను అలా రాసుకుంటున్నప్పుడే, ఊళ్లో అందరూ తెలిసిన కొట్టువాడు పుస్తకంలో అసలు పేర్లు రాయడు గదా, తాను పిలుచుకునే గుర్తులే రాసుకుంటాడు గదా అన్న విషయం తట్టింది. రెండోసారి రాసిన కవిత ఇది:

పెద్దకర్మ అయిన మర్నాడు
షట్టరు సగం ఎత్తి
ఖాతా పుస్తకం తెరిచాను

చింతచెట్టు ఇంటివారు 240
పాలామె కోడలు 90
ఎర్ర సైకిలు మేస్త్రి 1600
ఈ పద్దు మీద ఒక గీత

ఊళ్లో ఇంతమందికి
నాన్న పెట్టిన పేర్లు

చివరి పేజీలో
పెద్దాడు
ఎదురుగా అంకె వేయలేదు

ఇది గొప్ప కవిత అని చెప్పడం లేదు. మొదటిదానికీ దీనికీ ఉన్న తేడా మాత్రం గమనించదగినది. రోజు, షట్టరు, పద్దులు, అంకెలు కథ ఇచ్చినవి. పాదాల విరుపు మాత్రం కవితదే. రెండో ఖండికలో మూడు పంక్తుల పాటు పేరు పక్కనే అంకె వచ్చి పాఠకుడి కంటికి అలవాటు పడింది. అందువల్ల ‘పెద్దాడు’ అన్న మాట పంక్తిలో ఒంటరిగా ఆగినప్పుడు, కన్ను తనంతట తానే అంకె కోసం వెతుకుతుంది. ఖాళీ కనిపిస్తుంది. తరువాతి పంక్తి ఆ ఖాళీని చెబుతుంది. నిజానికి చివరి పంక్తి కింద ‘కళ్లు మసకబారాయి’ అని ఇంకొకటి ఉండేది. కొట్టేశాను. ఏడవవలసిన పని పాఠకుడిది అనుకున్నప్పుడు కవి ముందుగా ఏడవకూడదు.

ఇప్పుడు ఇదే సందర్భం కథగా. కవితను పక్కన పెట్టుకుని, అందులో తేలకుండా మిగిలిపోయినది ఏమిటో వెతకండి. ఈ కవితలో మేస్త్రి పద్దు మీద ఉన్న గీత తేలలేదు. ఆ గీతకు అర్థం బాకీ తీరిందనా, తండ్రి దయతలచి కొట్టేశాడనా, లేక మరిచిపోకుండా గుర్తు పెట్టుకున్నాడనా? కవితకు ఈ జవాబు అవసరం లేదు, గీత కనిపిస్తే చాలు. కథకు అది చాలదు. కొడుకు హోల్‌సేల్ వ్యాపారికి తండ్రి తరఫున డబ్బు కట్టవలసి ఉందని అనుకుంటే, ఆ గీత ఒక్కసారిగా పదహారు వందల రూపాయల తగాదా అయిపోతుంది. దాని అర్థం కచ్చితంగా చెప్పగల మనిషి తండ్రి ఒక్కడే, అతను లేడు. కథ ఇక్కడి నుంచి మొదలు కావచ్చు:

ఎర్ర సైకిలు గోడకు ఆనించి ఉంది గనుక ఇల్లు అదేనని తెలిసింది.

“రా బాబూ, కూర్చో.”

“పర్లేదండి. నాన్నగారి పుస్తకంలో మీ పేర పదహారు వందలు కనిపిస్తున్నాయండి.”

“గీత ఉందా?”

“ఉందండి.”

మేస్త్రి సైకిలు వైపు చూశాడు. లోపల ఏదో గిన్నె పడిన చప్పుడయింది.

“మరి ఉంటే ఇంకేం బాబూ.”

ఈ కొద్ది పంక్తుల్లో ఒక్క ఉపమానం లేదు. అయినా ఇది కవిత నుంచే వచ్చింది. ఇల్లు ఎక్కడుందో, వీధి ఎలా ఉందో, కొడుకు ఎలా వెతుక్కుంటూ వచ్చాడో చెప్పకుండా సైకిలుతో మొదలుపెట్టగలిగే ధైర్యాన్ని కవిత ఇచ్చింది. గిన్నె చప్పుడు గురించి వ్యాఖ్యానించకుండా వదిలేయడమూ దాని నుంచి నేర్చుకున్నదే. లోపల ఎవరో వింటున్నారు, ఆ వింటున్న మనిషికి గీత సంగతి తెలిసి ఉండవచ్చు. అది పాఠకుడికి చేరితే చాలు.

తరువాత గీతను ఎన్నిసార్లు కనిపింపజేయాలన్న ప్రశ్న వస్తుంది. దీనికి నేను పాటల పల్లవినీ శతకాల మకుటాన్నీ తలుచుకుంటాను. పల్లవిలో మాటలు మారవు, కాని ప్రతి చరణం తరువాతా అవి ఇంకాస్త వేరుగా వినిపిస్తాయి. మకుటమూ అంతే. నా కథలో గీత మూడుసార్లు వస్తుంది: పుస్తకంలో ఒకసారి, మేస్త్రి నోట ఒకసారి, చివర కొడుకు తిరిగొచ్చి ‘పాలామె కోడలు 90’ అన్న పద్దు మీద తానే కలం ఆనించినప్పుడు ఒకసారి. మూడోసారి అతను ఏ అర్థంతో గీస్తున్నాడో కథ చెప్పదు. నాలుగోసారి కూడా పెట్టి చూశాను, ఉపన్యాసంలా తయారైంది. కథలో ఒక వస్తువు మళ్లీ కనిపించిన ప్రతిసారీ ఎవరి చేతిలో ఉందో మారకపోతే, ఆ పునరుక్తి వట్టి అలంకారంగా మిగిలిపోతుంది.

ఈ పని ఎలా చేస్తారో చూడాలంటే గురజాడ అప్పారావును చదవడం అన్నిటికంటే దగ్గరి దారి. ఆయన ‘ముత్యాల సరాలు’, ‘దిద్దుబాటు’ కథ రెండూ 1910లోనే వెలువడ్డాయి. మూడు, నాలుగు మాత్రల నడకను చెవిలో పెట్టుకుని కొత్త ఛందస్సు కడుతున్న మనిషే ఆ కథనూ రాశాడని మరిచిపోకుండా చదవాలి. కథ “తలుపు! తలుపు!” అన్న పిలుపుతో మొదలవుతుంది. తెరవని తలుపు, గదిలో ఒంటిగంట కొట్టిన గడియారం. ముగింపులో మంచం కింద నుంచి నవ్వు, గాజుల సవ్వడి. భర్త ఎవరు, ఎక్కడి నుంచి అంత పొద్దుపోయి వచ్చాడు, భార్య ఎలాంటిది అన్న పరిచయాలు మొదట లేవు. అవి తరువాత అవసరాన్ని బట్టి వస్తాయి. చెవి ఉన్నవాడు రాసిన ప్రారంభం అది.

అదే గురజాడ ‘పూర్ణమ్మ’లో కథను కవితలోకి తెచ్చాడు. డబ్బుకు లోబడి తల్లిదండ్రులు కూతురిని ముసలివాడికి ముడిపెట్టిన సంగతి కొద్ది పంక్తుల్లోనే దాటిపోతుంది. అత్తవారింటికి వెళ్లేముందు ఆ పిల్ల అన్నదమ్ములతో చెప్పుకునే మాటల దగ్గర మాత్రం కవి నెమ్మదిస్తాడు. చంపువు పద్ధతిలో చూస్తే మొదటిది వచనం చేయవలసిన పని, రెండోది పద్యం చేయవలసిన పని. ఇక చావు అన్న మాట చివర్లో లేనే లేదు. కన్నుల కాంతులు కలువలను చేరాయని, నడకల సొగసులు హంసలను చేరాయని చెప్పి, “దుర్గను జేరెను పూర్ణమ్మ” అని ఆగిపోతాడు. ఈ ముగింపును కాగితం మీద మీ చేత్తో రాసుకుని, దాని కింద ‘అలా పూర్ణమ్మ చెరువులో దూకి చనిపోయింది’ అని ఒక వాక్యం చేర్చి చూడండి. ఏం పోతుందో వెంటనే తెలుస్తుంది.

తరువాతి తరాల్లో దేవరకొండ బాలగంగాధర తిలక్‌ను రెండు చేతులా చదవాలని నా సలహా. 1966లో ఆయన పోయిన తరువాత వెలువడిన ‘అమృతం కురిసిన రాత్రి’ సంపుటిని అందరూ చదువుతారు. ఆయన కథలను చదివేవారు తక్కువ. తపాలా బంట్రోతు మీది కవిత కథకుడు చూసిన మనిషి మీద రాసిన కవిత అని, కథలు పక్కన పెట్టుకుని చదివినప్పుడే నాకు స్పష్టమైంది. కుందుర్తి ఆంజనేయులు వచన కవిత కోసం 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థను నెలకొల్పిన మనిషి. వచన కవితలో కథాకావ్యాలు రావాలని వాదించడమే కాక తానూ రాశాడు. ఆ వాదంతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా, వచన కవిత ఎంత బరువు మోయగలదో తెలుసుకోవడానికి వాటిని చూడాలి.

తెలుగు వ్యాకరణం ఈ రెండు ప్రక్రియల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. దీనికి ప్రత్యేకంగా సాధన అవసరం. మన వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. అందువల్ల కథలో వరుసగా ఐదారు వాక్యాలు ‘వచ్చాడు, కూర్చున్నాడు, చూశాడు, అన్నాడు’ అంటూ ఒకే చప్పుడుతో ముగిసిపోతాయి. కవిత రాసిన చెవి ఈ మోతను వెంటనే పట్టుకుంటుంది. పట్టుకున్నాక చేసే చికిత్స దగ్గరే జాగ్రత్త కావాలి. చాలామంది క్రియను ముందుకు లాగి ‘వచ్చాడు అతను, తడిసిన చొక్కాతో, ఆ రాత్రి’ అని రాస్తారు. ఒక కవితలో ఒకసారి ఇది చెల్లుతుంది. కథలో పేజీకి నాలుగుసార్లు వస్తే పాత్ర నడుస్తున్నట్టుండదు, రచయిత నడకలు పోతున్నట్టుంటుంది. దానికంటే రెండు వాక్యాలను ‘వచ్చి’, ‘చూసి’ లాంటి క్త్వార్థకంతో కలపడం, ఒకచోట సంభాషణ పెట్టడం, ఒకచోట క్రియ లేని వాక్యం రాయడం మేలు. ‘జేబులో పుస్తకం. పుస్తకంలో గీత.’ ఇవి వాడుక తెలుగులో సహజంగా నిలబడే వాక్యాలే.

మన క్రియ కర్త లేకుండానే ఎవరన్నది చాలావరకు చెప్పేస్తుంది, గౌరవాన్ని కూడా చెబుతుంది. కవితలో ‘అన్నాడు’ అని ఊరుకుంటే ఆ ఖాళీలో పాఠకుడు తన మనిషిని పెట్టుకుంటాడు. కథలో ఆ ఖాళీని సంబంధం కోసం వాడాలి. పై సంభాషణలో మేస్త్రి “రా బాబూ” అన్నాడు. “రండి బాబుగారూ” అని ఉంటే, బాకీ ఉన్నవాడి బెరుకు మొదటి మాటలోనే బయటపడి, గీత గురించి అతను చెప్పబోయేదాని మీద అనుమానం అప్పుడే మొదలయ్యేది. కొడుకు లోలోపల ‘నాన్న’ అనుకునేవాడే, మేస్త్రి ముందు ‘నాన్నగారు’ అంటాడు. కవితలో ఉన్నది లోపలి మాట, కనుక ‘నాన్న’ అనే ఉంచాను. మీ చిత్తుప్రతిలో ప్రతి పిలుపునూ ఒకసారి మార్చి చదివి చూడండి. మారిస్తే ఏమీ మారని పిలుపు ఉంటే, ఆ ఇద్దరి సంబంధం మీకే ఇంకా తెలియలేదన్నమాట.

కథ పూర్తయ్యాక కొన్ని వారాలు ఆగి కవిత దగ్గరకు తిరిగి వెళ్లాలి. వెంటనే వెళ్తే కథలో తెలిసినవన్నీ కవితలో కుక్కాలనిపిస్తుంది. నేను ఆగలేక ఒకసారి మేస్త్రి మాటను కవిత చివర్లో అతికించాను. పద్దుల కవిత కాస్తా చిన్న నాటికలా మారింది. పైకి చదివి చూసుకోవడం రెండు ప్రతులకూ తప్పనిసరి. కథ చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ తెగుతుందో, కవిత చదివేటప్పుడు గొంతు ఎక్కడ అనవసరంగా రాగం తీస్తుందో గుర్తు పెట్టుకుని అక్కడే దిద్దాలి. వినడానికి ఇంట్లో ఒకరు దొరికితే మరీ మంచిది, వారు మెచ్చుకున్న వాక్యాలను ముందుగా అనుమానించండి.

రెండు ప్రతులూ బతికితే, ఒకదానిలో ఉన్న ముఖ్యమైన వస్తువు రెండోదానిలో ఎంత ఉండాలో తేల్చుకోవాలి. నా విషయంలో చివరి పేజీ సమస్య అయింది. ‘పెద్దాడు’ అన్న పద్దును కథలో కూడా పెట్టాను. అది వచ్చిన క్షణం నుంచి కథ మేస్త్రిని వదిలేసి తండ్రీకొడుకుల వైపు తిరిగిపోయింది, గీత గురించి ఎవరికీ పట్టలేదు. మూడు ప్రతుల తరువాత దాన్ని తీసేశాను. కవితలోనూ ఒక మార్పు చేశాను: ‘ఈ పద్దు మీద ఒక గీత’ అన్న పంక్తి కథ రాయకముందు అవసరమనిపించింది, ఇప్పుడు చదివితే పాఠకుణ్ణి చివరి పేజీకి చేరనివ్వకుండా మధ్యలో ఆపుతోంది. కనుక ఆ పంక్తి కవితలో నుంచి పోయింది. మేస్త్రి అక్కడ తన పదహారు వందలతో, పాలామె కోడలి తరువాతి వరుసలో, గీత లేకుండా ఉన్నాడు.